జర్మనీలో మొదటి రంజాన్, అదీ పరీక్షల నెలలో

చెల్లీ, చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో రాస్తున్నా. నంద్యాల నుంచి మొన్న అక్టోబరులో తూర్పు జర్మనీలో ఒక చిన్న యూనివర్సిటీ ఊరికి మాస్టర్స్ చదవడానికి వచ్చావు. హాస్టల్ ఫ్లాట్‌లో నలుగురున్నారు, అందులో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలే, ముస్లిం మాత్రం నువ్వొక్కదానివే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పరీక్షలు, సరిగ్గా అప్పుడే రంజాన్. అమ్మీ ఫోన్ చేసి "పరీక్ష రోజుల్లో ఒక్కపొద్దు ఉండొద్దు, తర్వాత తీర్చుకుందువులే" అంటోంది. పండగ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఎవరితో గడపాలో తెలియక, "రూమ్‌లోనే నమాజు చేసుకుని ల్యాబ్‌కి వెళ్లిపోతే సరిపోతుందా అక్కా" అని అడిగావు.

సరిపోదు. నాది గుంటూరు. పశ్చిమ జర్మనీలో ఆఖెన్ అనే ఊళ్లో చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నా. మనవాళ్ల పిల్లలు చాలామంది ఇలాగే రూమ్‌లో కూర్చుని పండగ దాటేయడం చూశాను. వాళ్లలో ఒక్కరు కూడా తర్వాత దాని గురించి సంతోషంగా చెప్పలేదు.

మన ఊళ్లో పండగ కోసం మనం ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. తెల్లవారకముందు తినే సహరీకి మసీదు మైకులో లేపుతారు, సాయంత్రం ఒక్కపొద్దు విడిచే ఇఫ్తార్‌కి సైరన్ మోగుతుంది, సాయంత్రం నాలుగింటికే వీధిలో పండ్ల బండ్లూ బజ్జీల బండ్లూ వచ్చేస్తాయి, పండగ ముందు రాత్రి, చాంద్ రాత్ నాడు, గాజుల కొట్టు దగ్గర నిలబడటానికి చోటుండదు. ఇక్కడ అవేవీ ఉండవు. చాలా ఊళ్లలో అజాన్ మసీదు గోడ దాటి వినిపించదు. అసలు మసీదే ఏ పాత ఫ్యాక్టరీ వెనకో, ఏదో అపార్ట్‌మెంటు పెరట్లోనో మామూలు బిల్డింగులా ఉంటుంది, బోర్డు దగ్గరికి వెళ్లి చదివితే తప్ప తెలియదు. సూపర్ మార్కెట్లో ఆ నెలంతా ఈస్టర్ చాక్లెట్ గుడ్లు పేర్చి ఉంటాయి. అందుకే కొత్తగా వచ్చే పిల్లలందరికీ నేను చెప్పే మాట ఒకటే: ఇక్కడ పండగ దగ్గరికి మనమే నడిచి వెళ్లాలి, అదీ ముందే ఏర్పాటు చేసుకుని. ఏ మసీదు లెక్క పాటించాలి, ఎవరితో కలిసి తినాలి, ఆ రోజుకి సెలవు ఎలా, ఈ మూడూ రంజాన్ మొదలవకముందే తేల్చుకో. చాంద్ రాత్ నాడు కూర్చుని ఆలోచిస్తే ఏదీ కుదరదు.

ముందు గంటల సంగతి చెబుతా, మీ అమ్మీ భయమంతా దాని గురించే కదా. జర్మనీలో పద్దెనిమిది, పందొమ్మిది గంటలు ఒక్కపొద్దు ఉండాలని మన దగ్గర అందరూ వినే ఉంటారు. అది నిజమే, కానీ ఎండాకాలం లెక్క. నేను చదువుకునే రోజుల్లో, 2015లో, రంజాన్ జూన్ 18న మొదలైంది. సూర్యాస్తమయం అయ్యేసరికి రాత్రి పది కావచ్చేది, ఇఫ్తార్, రాత్రి నమాజు ఇషా, దాని తర్వాత రంజాన్‌లో చేసే తరావీహ్ నమాజు ముగించేలోపే మళ్లీ సహరీ టైము. జూన్‌లో ఇక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు, అందుకని ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజు టైము, ఎప్పటి నుంచి అన్న దాని మీద కూడా ఒక్కో మసీదు ఒక్కో లెక్క వేసేది. చంద్రుణ్ని బట్టి నడిచే హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ ఇప్పుడు చలికాలంలోకి వచ్చింది. ఈ 2026లో ఫిబ్రవరి 18 లేదా 19న మొదలు. మొదటి రోజుల్లో మీ దగ్గర ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా, అంటే సూర్యాస్తమయం దాకా, ఇంచుమించు 12 గంటలు. అంటే నంద్యాలలో మీ అమ్మీ ఉండే ఒక్కపొద్దు కంటే నీదే చిన్నది! నెలాఖరుకి 14 గంటల దగ్గరికి పెరుగుతుంది, అయినా చలికి దాహం అంతగా వేయదు. ఈ టైములు రాసి అమ్మీకి వాట్సాప్‌లో పంపు, ఆమె టెన్షన్ సగం తగ్గిపోతుంది. 2027లో ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది, 2028లో జనవరి ఆఖర్లో. నీ చదువు అయ్యేదాకా నీకు పెద్ద పొద్దులు తగలవు.

నెలసరి వల్ల వదిలేసిన రోజాలు తీర్చుకోవడానికి డిసెంబరుని మించిన నెల లేదు. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే సూర్యుడు పోతాడు, పది గంటల్లో ఒక్కపొద్దు అయిపోతుంది. ఇంకో మాట, ఆ రోజుల్లో ఒక్కపొద్దు లేదు కదా అని ఇఫ్తార్‌కి వెళ్లడం మానేయొద్దు. అక్కడ నలుగురూ కనిపించే నెల ఇదొక్కటే.

పరీక్ష రోజు ఉండాలా వద్దా అన్నది నీకూ అల్లాహ్‌కీ మధ్య సంగతి. సుగర్, మైగ్రేన్ లాంటివి ఉంటే డాక్టర్ని, మతం చదువుకున్న ఆలిమ్‌ని అడిగి నిర్ణయించుకో. ఆరోగ్యంగా ఉంటే నా అనుభవంలో పరీక్ష పాడు చేసేది ఆకలి కాదు, నిద్ర. పిల్లలు రాత్రి ఒంటి గంట దాకా చదివి, అలాగే మేలుకుని సహరీ తిని, ఆరింటికి పడుకుని తొమ్మిదింటి పరీక్షకి మొద్దుబారిన తలతో వెళతారు. చలికాలంలో ఇషా తొందరగా వస్తుంది, ఫిబ్రవరిలో ఏడు దాటగానే. మసీదులో తరావీహ్ చేసినా తొమ్మిది లోపు రూమ్‌లో ఉంటావు. పదింటికల్లా పడుకో, ఫిబ్రవరిలో నాలుగున్నరకి, మార్చిలో ఇంకా ముందే లేచి సహరీ, ఫజర్ చేసి అప్పుడు పుస్తకం తీయి. ఆ రెండు గంటలు ఫ్లాట్‌లో చీమ చిటుక్కుమనదు, రాత్రి నాలుగు గంటల్లో ఎక్కని పాఠం అప్పుడు ఎక్కుతుంది. మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వచ్చి అరగంట కునుకు తీస్తే చాలు.

ఒకసారి నీ పరీక్షల టైంటేబుల్ తీసి మగ్రిబ్ టైముల పక్కన పెట్టి చూడు. నాలుగింటి నుంచి ఆరింటి దాకా పరీక్ష ఉంటే మధ్యలో ఇఫ్తార్ టైము వస్తుంది. ఖర్జూరాలు రెండు, నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోవచ్చా అని పర్యవేక్షకుల్ని ముందే అడుగు, నీళ్లకి మామూలుగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇక పండగ మార్చి 20, శుక్రవారం అయ్యేలా ఉంది. ఆ రోజు నీకు పరీక్ష ఉందేమో ఇవాళే చూసుకో. ఇక్కడ ఈద్‌కి సెలవు లేదు. హాంబుర్గ్ 2012లో, బ్రేమెన్ 2013లో ముస్లిం సంఘాలతో ఒప్పందాలు చేసుకుని పండగ రోజు సెలవు అడిగే హక్కుని గుర్తించాయి కానీ అన్ని రాష్ట్రాలూ ఒకలా ఉండవు, మీ రాష్ట్రంలో, మీ యూనివర్సిటీలో నియమం ఏమిటో ప్రూఫుంగ్స్‌ఆమ్ట్‌లో, అంటే పరీక్షల ఆఫీసులో, కనుక్కో. నోటి పరీక్ష అయితే టైము ప్రొఫెసర్‌తో మాట్లాడుకునేదే కాబట్టి సులువు. "మార్చి 20 మాకు సంవత్సరంలోని రెండు పెద్ద పండగల్లో ఒకటి, ఆ వారంలో వేరే రోజు వీలవుతుందా" అని రెండు వాక్యాల మెయిల్ పెట్టు. జర్మన్లు ముందుగా, సూటిగా అడిగినదాన్ని గౌరవిస్తారు. ముందు రోజు రాత్రి అడిగితే మాత్రం ఎంత మంచివాళ్లయినా ఏమీ చేయలేరు. రాత పరీక్ష జరపడం వీలు కాదంటే బాధపడకు, పొద్దున్నే నమాజుకి వెళ్లి, అక్కణ్నుంచి పరీక్షకి వెళ్లి, పండగ సాయంత్రం చేసుకోవచ్చు. జ్వరం వచ్చిందని డాక్టర్ చీటీ పెట్టే పని మాత్రం వద్దు. పండగ రోజు అబద్ధంతో మొదలు పెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పార్ట్ టైం ఉద్యోగం ఉంటే 19, 20, 21 మూడు తేదీలూ చెప్పి "వీటిలో ఒకరోజు కావాలి" అని ఇప్పుడే అడిగి పెట్టు. గోడౌన్లలో పని చేసేవాళ్లు ఆ నెలకి పొద్దుటి షిఫ్టుకి మారండి, ఇఫ్తార్ ముందు రెండు గంటలు బరువులు మోయడం చాలా కష్టం.

తేదీ ఎందుకు ఖాయంగా చెప్పడం లేదంటే ఇక్కడ చంద్రుడి లెక్క మసీదుని బట్టి ఉంటుంది. టర్కీ వాళ్ల మసీదులు ఖగోళ లెక్కల కేలండర్ పాటిస్తాయి, వాళ్ల దగ్గర ఏడాది ముందే తేదీ అచ్చయి ఉంటుంది. అరబ్బు మసీదులు చాలావరకు సౌదీ ప్రకటన కోసం చూస్తాయి. ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకుని, యూట్యూబ్‌లో ఇంకెవరో చెప్పింది విని రోజూ తికమక పడకు. నువ్వు నమాజుకి వెళ్లే మసీదు ఏదైతే దాని టైమ్‌టేబుల్ కాగితం తెచ్చుకుని ఫ్రిజ్ మీద అంటించు, మొదటి రోజు నుంచి పండగ దాకా దాన్నే పాటించు. ఇంట్లో వాళ్లకి పండగ చాలా ఏళ్లలో మనకంటే ఒకరోజు తర్వాత వస్తుంది. పోయినేడాది ఇక్కడ మార్చి 30న అయితే మన దగ్గర 31న. నువ్వు కొత్త బట్టలు వేసుకుని వీడియో కాల్ చేస్తే అమ్మీ ఇంకా ఇఫ్తార్ సర్దుతూ ఉంటుంది. ఇందులో దిగులు పడాల్సింది లేదు, మర్నాడు వాళ్ల పండగలో నువ్వు మళ్లీ కలవొచ్చు. మార్చి చివరి ఆదివారం దాకా మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, వాళ్లు ఈద్గా నుంచి వచ్చి సేమియా తినే టైముకి నీకు ఇంకా తెల్లారదు. అలారం పెట్టుకుని ఆ పది నిమిషాలు ఫోన్‌లో ఉండు.

మసీదు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ముఖ్యంగా నువ్వు అమ్మాయివి కాబట్టి. మన వైపు ఆడవాళ్లు మసీదుకి, ఈద్గాకి వెళ్లడం చాలా ఊళ్లలో లేదు, మగవాళ్లు వెళ్లొస్తారు, మనం ఇంట్లో చేసుకుంటాం. నేను మొట్టమొదట జమాత్‌తో, అంటే అందరితో కలిసి, ఈద్ నమాజు చేసింది ఆఖెన్‌లోనే, బిలాల్ మసీదులో. 1960ల్లో ఆ ఊళ్లో చదువుకోవడానికి వచ్చిన ముస్లిం విద్యార్థులే పూనుకుని యూనివర్సిటీ పక్కనే కట్టించుకున్న మసీదు అది. నా పక్కన ఒకవైపు మొరాకో ముసలావిడ, ఇంకోవైపు ఇండోనేషియా నుంచి వచ్చిన తెల్లటి ముసుగుల అమ్మాయిలు, వెనక పిల్లల గోల. ఇమామ్ తక్బీర్, అంటే అల్లాహు అక్బర్, అనగానే అన్ని దేశాల గొంతులూ ఒక్కసారి కలిశాయి, నాకు గొంతు పూడుకుపోయింది. మా అమ్మ అరవై ఏళ్లలో చూడనిది నేను పరాయి దేశంలో చూస్తున్నానని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, ఆవిడ అడిగి అడిగి చెప్పించుకుంది. నీకు కూడా ఇది దక్కాలని నా కోరిక, అందుకే రూమ్‌లో చేసుకుంటే సరిపోదన్నాను.

మీ తూర్పు వైపు టర్కీ వాళ్లు తక్కువ. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం చేసుకున్నప్పుడు మీ వైపు వేరే దేశం కదా, వాళ్లంతా ఇటు పశ్చిమానికే వచ్చారు. 2015 తర్వాత సిరియా నుంచి వచ్చినవాళ్లు మాత్రం అన్ని వైపులా ఉన్నారు, కాబట్టి మీ ఊళ్లో మసీదు అరబ్బు వాళ్లదే అయ్యే అవకాశం ఎక్కువ. అలా అయితే ఆడవాళ్లు ఈద్ నమాజుకి రావడం అక్కడ మామూలే. కొన్ని టర్కిష్ మసీదుల్లో తరావీహ్‌కి ఆడవాళ్ల అంతస్తు నిండిపోతుంది కానీ ఈద్ నమాజుకి మగవాళ్లే వస్తారు, అది వాళ్ల అలవాటు. అందుకని ఈ శుక్రవారమే ఒకసారి వెళ్లి "ఈద్ నమాజుకి ఆడవాళ్లకి చోటుందా, ఎన్ని జమాత్‌లు, ఎన్నింటికి" అని అడిగి రా. చోటు చాలక చాలాచోట్ల రెండు మూడు జమాత్‌లు పెడతారు, మొదటిది సూర్యోదయం అయిన కాసేపటికే. అరబ్బు ఇమామ్ వెనక అదనపు తక్బీర్లు మనం హనఫీ పద్ధతిలో చెప్పే ఆరు కంటే ఎక్కువ ఉండొచ్చు, కంగారు పడకు, ఆయన వెనకే చేసుకుంటూ పో. పండగ దానం, ఫిత్రా, తలకి ఎన్ని యూరోలో ఏటా మసీదు వాళ్లే చెబుతారు, నమాజుకి ముందే ఇచ్చేయాలి, నోట్లు విడిగా పెట్టుకుని వెళ్లు. తరావీహ్ నుంచి రాత్రి ఒక్కదానివీ నడిచి రాకు, మీ హాస్టల్ వైపు వచ్చే కుటుంబం ఎవరో ఒకరు ఉంటారు, మొదటి రోజే పరిచయం చేసుకో.

యూనివర్సిటీలో ముస్లిం విద్యార్థుల సంఘం ఉందేమో వెతుకు, చాలాచోట్ల ఉంది, రంజాన్‌లో ఒకటి రెండు పెద్ద ఇఫ్తార్‌లు వాళ్లే పెడతారు. చర్చిల తరఫున నడిచే విద్యార్థి సంఘాలు కూడా విదేశీ పిల్లల కోసం కొన్ని ఊళ్లలో ఇఫ్తార్ సాయంత్రాలు జరుపుతాయి, మొహమాటపడకుండా వెళ్లు, చాలా ఆప్యాయంగా చూస్తారు. క్యాంపస్‌లో మధ్యాహ్నం నమాజు జుహర్‌కి చోటు కావాలంటే అన్ని మతాలవాళ్లకీ కలిపి ఉండే నిశ్శబ్దపు గది ఉందేమో యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఆఫీసులో అడుగు.

ఇప్పుడు వంటగది. నలుగురూ వాడే వంటగదిలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదని హాస్టల్ నియమం ఉంటుంది, సహరీ టైము సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. నాలుగున్నరకి కుక్కర్ విజిల్ వేయిస్తే మొదటి రోజే గొడవ. అన్నం, పప్పు రాత్రే వండి డబ్బాలో పెట్టుకో, గుడ్లు ఉడకబెట్టి ఉంచుకో, పొద్దున ఓవెన్‌లో వేడి చేసుకోవడమే పని. నేను పెరుగన్నంలో అరటిపండు కలుపుకుని తినేదాన్ని, మధ్యాహ్నం దాకా కడుపులో చల్లగా ఉండేది. ఇంకోటి, రంజాన్ మొదలవకముందే ఫ్లాట్‌లో ముగ్గురికీ చెప్పు: ఈ నెల నేను పొద్దున్నే లేస్తాను, చప్పుడు చేయను, సాయంత్రం ఆరు ప్రాంతంలో ఒక పొయ్యి నాకు వదలండి అని. చెప్పకుండా చేస్తే విసుక్కునేవాళ్లు కూడా చెబితే చాలా సర్దుకుంటారు, కొందరు తలుపు మెల్లగా వేయడం కూడా నేర్చుకుంటారు.

ఇఫ్తార్‌కి రోజూ పకోడీలు వేయడానికి కూర్చోకు, నూనె పొగకి ఫైర్ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం కిందికి దిగాలి. ఖర్జూరం, పండ్లు, ఎర్ర కందిపప్పు సూపు చాలు. అరబ్బు కొట్లలో ఈ నెల మఅరూక్ అని తియ్యటి బ్రెడ్ దొరుకుతుంది, టర్కీ బేకరీల్లో అయితే నువ్వులు చల్లిన గుండ్రటి రంజాన్ పిదే. ఇఫ్తార్‌కి అరగంట ముందు ఆ బేకరీ క్యూలో నిలబడు చెల్లీ, వేడి రొట్టెలు కాగితంలో చుట్టి ఛాతీకి ఆనించుకుని పరుగులు తీసే జనం మధ్య రంజాన్ వచ్చిందన్న సంగతి ఒంటికి తెలుస్తుంది.

నువ్వు గమనించావో లేదో, ఈ ఏడు మార్చి 19న ఉగాది, మర్నాడే మన ఈద్. పోయినేడాది అయితే జర్మనీలో రెండూ ఒకేరోజు, మార్చి 30న పడ్డాయి, అదే రోజు తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకి తిప్పారు కూడా. చైత్రమైనా, ఈద్‌తో మొదలయ్యే షవ్వాల్ అయినా అమావాస్య దాటాక కొత్త నెలతో మొదలయ్యేవే, రంజాన్ తిరుగుతూ తిరుగుతూ వచ్చి ఈ రెండేళ్లు ఉగాది గుమ్మంలో ముగిసింది. మీ ఫ్లాట్‌లో ఇద్దరు తెలుగు అమ్మాయిలున్నారు కదా, వాళ్లకీ ఇక్కడ ఉగాదికి సెలవు లేదు, వాళ్ల అమ్మలూ దూరమే. ముగ్గురూ కలిసి చేసుకోండి. 19 సాయంత్రం ఉగాది పచ్చడి నీ వాటా ఇఫ్తార్ దాకా పక్కన పెట్టమను, 20 రాత్రి నీ చేతి బిర్యానీ, షీర్ ఖుర్మా. ఎవరి ఇంట్లో పండగైనా పక్కింటికి గిన్నె వెళ్లడం మన ఊళ్లలో ఉన్నదే, ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకుంటే నీ మొదటి పండగ ఒంటరిగా గడవదు. నాలుగో అమ్మాయి ఏ దేశం పిల్లయినా ఆమెనీ కూర్చోబెట్టండి.

షీర్ ఖుర్మాకి సరుకుల సంగతి చెబుతాను. పాలు 3.5 శాతం కొవ్వు అని రాసి ఉన్న ఫోల్‌మిల్ష్ తీసుకో, 1.5 శాతం పాలు ఎంత మరిగించినా చిక్కబడవు. నెయ్యి కోసం ఇండియన్ కొట్టు దాకా వెళ్లక్కర్లేదు, సూపర్ మార్కెట్లో వెన్న పక్కనే బుటర్‌ష్మాల్జ్ అని ఉంటుంది, అది కాచిన వెన్నే, ఇంట్లో నెయ్యంత కమ్మగా ఉండకపోయినా పని జరుగుతుంది. సారపప్పు మాత్రం ఇండియన్ కొట్లో కూడా దొరకకపోవచ్చు, బాదం, పిస్తా సన్నగా తరిగి వేయి. ఖర్జూరాలు గింజ తీసి రాత్రే పాలలో నానబెట్టు. సేమియా అరబ్బు కొట్లో షఅరియా అనే పేరుతో పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది, అది వాళ్లు అన్నంలో వేసుకునేది, దానితో మన రుచి రాదు. తమిళ కొట్టు ఉంటే అక్కడ మన సన్న సేమియా అడుగు. ముందు పప్పులు, తర్వాత సేమియా బుటర్‌ష్మాల్జ్‌లో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, పాలు సగానికి దగ్గరయ్యాక చివర్లో కలుపు. ఇక్కడ జాగ్రత్త: ఈ కరెంటు పొయ్యి ఆపేసినా గాజు పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది, స్విచ్ ఆపి ఫోన్ చూసుకుంటే పాలు పొంగి పలక మీద మాడిపోతాయి, గిన్నె వెంటనే పక్కకి దించు. కాస్త పల్చగా ఉన్నప్పుడే దించితే చల్లారేసరికి సరిగ్గా వస్తుంది. బిర్యానీకి ఉల్లిపాయలు వేయించే బదులు డబ్బాల్లో దొరికే వేయించిన ఉల్లిపాయలు, రోస్ట్‌జ్వీబెల్న్, వాడు. పొగ లేదు, అలారం గోల లేదు. హలీం చేయాలనిపిస్తే టర్కీ కొట్లో ఆషూరె అనే పాయసం కోసం అమ్మే పొట్టు తీసిన గోధుమలు అడుగు. జెల్లీ మిఠాయిలు, కేకులు కొనేటప్పుడు జెలటిన్ అని ఉందేమో చదువు, ఇక్కడ అది ఎక్కువగా పంది నుంచి తీసేదే. కొన్ని చాక్లెట్లలో సారా కూడా కలుపుతారు.

అమ్మీ పార్సిల్ పంపుతానంటే బట్టలు, గాజులు, సేమియా, ఖర్జూరాలు పంపమను. కోవా, నెయ్యి మిఠాయిలు, ఊరగాయ మాంసం మాత్రం వద్దని గట్టిగా చెప్పు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు పోస్టులో రానివ్వరు, కస్టమ్స్‌లో తీసేస్తారు. ఇంటి నుంచి వచ్చే కానుక 45 యూరోల విలువ దాకా సుంకం లేకుండా వస్తుంది, పెట్టె మీద విలువ నిజంగా రాయాలి. పండగకి అందాలంటే ఫిబ్రవరి మొదట్లోనే పంపేయాలి.

బక్రీద్ గురించి నువ్వు అడగలేదు కానీ అది కూడా ముందే తెలిస్తే మంచిది. ఈసారి మే 27, బుధవారం ప్రాంతంలో వస్తుంది, అప్పటికి కొత్త సెమిస్టర్ క్లాసులు జరుగుతుంటాయి. ఇక్కడ ఇంటి దగ్గరో పెరట్లోనో మన ఊళ్లో లాగా జంతువుని కోయడం కుదరదు. జంతువుకి ముందుగా స్పృహ తప్పించకుండా జబహ్ చేయడానికి, అంటే మన పద్ధతిలో గొంతు కోయడానికి, చట్టం మామూలుగా ఒప్పుకోదు, 2002 జనవరిలో ఇక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఒక టర్కిష్ కసాయి కేసులో మత కారణాల మీద మినహాయింపు అడగొచ్చని తీర్పిచ్చింది కానీ ఆ అనుమతి దొరకడం కష్టం. కాబట్టి ఎవరో పొలంలో కోస్తున్నారు రా అని పిలిస్తే వెళ్లకు, వీసా మీద ఉన్నవాళ్లకి అది పెద్ద ప్రమాదం. చదువుకునే పిల్ల మీద ఖుర్బానీ, అంటే బక్రీద్ బలి, వాజిబ్ (తప్పనిసరి) అవుతుందా అన్నది నీ దగ్గరున్న సొమ్ముని బట్టి, అది ఆలిమ్‌ని అడుగు. ఇవ్వాలనుకుంటే నంద్యాలలో నీ పేరు మీద ఒక వాటా పెట్టమని డబ్బు మే మొదట్లోనే పంపేయి, మాంసం అక్కడి పేదలకి చేరుతుంది. అక్కడ పండగ ఒకరోజు తర్వాత పడొచ్చు, ఖుర్బానీ ఏ రోజు ఇస్తున్నారో అబ్బాని అడిగి తెలుసుకో. నమాజు టైములు రంజాన్‌లో కుదుర్చుకున్న మసీదులోనే కనుక్కోవచ్చు, అప్పటికి అక్కడ నీకు తెలిసిన మొహాలు ఉంటాయి.

మీ ఊళ్లో మసీదు ఎక్కడుందో దొరక్కపోతే ఊరి పేరు ఇక్కడ రాయి. ఆ చుట్టుపక్కల చదివిన మనవాళ్లు ఇది చూస్తూనే ఉంటారు, ఫోన్ నంబరు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకు.